తలాఠీకి చూపించిన ఆట

మొన్న నా మనుమరాలు పుణె నుంచి అచ్చి, కాళ్లు సోఫా మీద పెట్టుకొని టీవీ చూస్తున్నది. టీవీల పచ్చగ పరిచిన గడ్డి, దాని మీద తెల్లంగి తొడిగినోడొకడు నడుం వంచి కర్ర పట్టుకొని నిలవడ్డడు. పక్క అర్రల మనిషి లేకున్నా ఫ్యాను తిరుగుతుంటె బంద్ చేద్దామని నేను లేచిన. పోతా పోతా అటు చూసి, "వాని భుజం ముందే లేస్తున్నది, గా బాల్ చెట్లల్లకే పోతది" అన్న. పోయింది. సీదా చెట్లల్లకే పోయింది. పిల్ల టీవీ దిక్కు చూసింది, నా దిక్కు చూసింది. "నానమ్మా, నీకు గోల్ఫ్ తెలుసా?" అన్నది. "తెలుసుడేంది? నాకు హ్యాండిక్యాప్ ఉండె" అన్న. ఇంట్ల ఉన్నోళ్లందరు పగలబడి నవ్విండ్రు. నా కొడుకుకైతె పొలమారి చాయ్ సగం బండల మీద పోయింది. "ముందుగాల గది తుడువు, నవ్వుడు తర్వాత" అని చెప్పి కూసున్న గని, నాకు గూడ లోపల లోపల నవ్వు ఆగలే. గా నవ్వు ఇప్పటిది కాదు. ఎన్నేండ్ల కిందనో మా అత్త ఎంబడి గొంగట్ల కర్రలు చుట్టుకొని నాందేడ్ పోయిన నాటిది.

నవ్వేటోళ్లను నవ్వనియ్యి. నేను చదివింది నాలుగో తరగతి, అది గూడ మరాఠీ బడిల. తెలుగు అక్షరాలు పెండ్లైనంక మా ఇంటాయన బొగ్గుతోని గోడ మీద రాసి నేర్పిండు. సున్నం పాడుజేసినమని మా అత్త తోని ఇద్దరం తిట్లు తిన్నం. గా అక్షరాలతోనే ఇది రాస్తున్న. కాగితానికి రెండు దిక్కుల రాస్తున్న.

మా అత్తగారి ఊరు దెగ్లూర్ దిక్కు ఉంటది. లాల్ డబ్బా బస్సు సడక్ మీద ఇడిసిపెడితె జొన్న చేన్ల నడుమకెల్లి నడిచి పోవాలె. ఇంట్ల తెలుగు, అంగట్ల మరాఠీ, కోపమస్తె హిందీ, గట్ల మూడు భాషలల్ల బతికినం. మా అత్త పేరు రాజవ్వ. కోడి కూయకముందే విసుర్రాయి కాడ కూసునేది. ఆమె ఒక దిక్కు, నేనొక దిక్కు, ఒక్క పిడిని ఇద్దరం పట్టుకొని జొన్నలు విసిరేటోళ్లం. కొత్త పిండి వాసన, కుసుమ నూనెల ఎల్లిపాయ కారం మాడే వాసన, గోడకెల్లి అచ్చే పేడ వాసన, ఇవన్ని కలిసి నాకు ఇప్పటికి పొద్దుగాల అంటె గదే. మా అత్త ఏదీ పారేసేది కాదు. చీర చినిగితె లంగ, లంగ చినిగితె పసిపిల్లల గుడ్డ, అది చినిగితె దీపానికి ఒత్తి. పొయ్యిల కట్టె సగం కాలినంక అన్నం ఉడికిందంటె, గా కట్టెను గుంజి నీళ్లు చల్లి పక్కకు పెట్టేది. మాట గూడ గంతే, అక్కరకు మించి ఒక్కటి ఖర్చు పెట్టకపోయేది. నన్ను "పిల్లా" అని పిలిచేది. కోపమైతె "ఏమే పిల్లా" అనేది. ప్రేమైతె ఏమనేదో నాకు చాన్నాళ్లు తెల్వదు.

నా తల్లిగారిల్లు నాందేడ్. పెండ్లైనంక రెండేండ్లు నేను మా అవ్వను, అంటే నన్ను కన్నతల్లిని, చూడలే. కారణం చెప్తె మీరు నవ్వుతరు. పెండ్లి బువ్వ కాడ మా నాయిన అందర్ని పేరు పెట్టి పిలిచిండు, మా అత్తను మరిచిండు. ఆమె అప్పుడు పందిరి మూలకు నిలవడి కిరాయి గిన్నెలు చూసుకుంటున్నది. ఎవలూ పిలవలే. ఆమె ఉపాసంతోని బండెక్కింది. గా దినం నుంచి ఒకటే మాట: "నన్ను నోరార పిలిచిన్నాడు పోత, నిన్ను గూడ తోలుత." అటు మా అవ్వ ఏమన్నదంటె, "బిడ్డను తల్లిగారింటికి తోలనీకె పిలుపేంది? తోలాలె గంతే!" ఇద్దరికీ మెడలు వంగయి. నడుమ నేను. సంక్రాంతి పోయింది, నాగుల పంచమి పోయింది, రెండేండ్లు గట్లనే పోయినయి. చెప్పుకోనీకె లేదు, అడుగనీకె లేదు.

గప్పుడు మా చేను పక్కకు కాలువ పనోళ్ల కాలనీ పడ్డది. ఇంజినీర్లు అచ్చిండ్రు, జీపులు అచ్చినయి, రేకుల ఆఫీసు లేసింది. కాలనీకి, మా చేనుకు నడుమ గులకరాళ్ల పడావు భూమి ఉండె. సాయంత్రమైతె సాబులు కర్రలు పట్టుకొని అండ్ల తెల్లటి బాల్‌ను కొట్టుకుంట తిరిగేటోళ్లు. మాది కరువు సీమ, గడ్డి ఎక్కడిది? గుంత చుట్టూర ఇసుక పోసి, ట్రాక్టర్ల కాలిన నూనె దాని మీద చల్లి సాపు చేసేటోళ్లు, దాన్ని బ్రౌను అనేటోళ్లు. ఎండకు గా నూనె వాసన మా వంటింట్లకు అచ్చేది. "అలుకు చల్లితె అయిపోవు గద, నూనె ఖరాబు చేసుకుంటరు" అని మా అత్త రోజు అనేది. ఊరోళ్లు దాన్ని సర్కారు చిర్రగోనె, అంటె సర్కారు గిల్లీదండ, అనేటోళ్లు.

బాల్‌లు మా జొన్నల పడేటియి. సాబులు ఎతుక్కుంట అచ్చి పంట తొక్కబోతె మా అత్త కట్టె పట్టుకొని గట్టు మీద నిలవడ్డది. "ఒక్కడు లోపలికి రావొద్దు. మీ బాల్ మేమే పంపుతం." నేను ఎతికి గట్టు మీదికి తెచ్చేదాన్ని. చేత్తోని ఇసిరితె దూరం పోదు కదా, నాందేడ్ గల్లీలల్ల మా అన్నలతోని చిర్రగోనె ఆడిన చేతులాయె, కుక్కల్ని అదిలించే కట్టెతోని ఒక్కటి కొట్టిన. బాల్ పోయి కాలనీ గోడ అవతల పడ్డది. మా అత్త చూసింది. "ఏది, ఇటియ్యి" అన్నది. జొన్న కంకులు బాదిబాది గట్టిపడ్డ చేతులామెయి. ఆమె కొట్టింది నా దానికంటె దూరం పోయింది. అప్పటి నుంచి పొద్దుమీకితె అత్తాకోడండ్లం గట్టు మీద నిలవడి బాల్‌లు తిరుగ పంపుడు మాకు పని. పని అనేది మా అత్త. ఆమె ఆట అని ఒప్పుకోలే ఎన్నడు.

ఇంజినీరు భార్య కులకర్ణి బాయి మంచి మనిషి, నీళ్లోసుకొని ఉండె. ఆమె వరండల కూసొని మమ్ముల చూసి చూసి ఒకనాడు గట్టు కాడికి అచ్చింది. నాందేడ్‌ల గోల్ఫ్ సంఘం ఉన్నదట, చుట్టుపక్కల జిల్లాల అన్ని మైదానాలకు గదే పెద్ద దిక్కట. ఈ ఏడు ఆడోళ్లకు గూడ పోటీ పెడుతున్నరట. ఒక్కొక్క మైదానం నుంచి ఇద్దరు ఆడోళ్లు రావాలె. "నేను ఈ కడుపుతోని ఆడలేను. కాలనీల మిగతా బాయిలు ఎండకు బయటికి రారు. మీరిద్దరు పోతరా, నాందేడ్?" అన్నది.

నాందేడ్ అన్న మాట చెవుల పడంగనే నా చేతుల బాల్ జారి కాలు మీద పడ్డది. నొప్పి గూడ తెల్వలే. మా అత్త మాత్రం మొఖం కదపలే. "సంఘం పిలుస్తున్నదా?" అని అడిగింది. పిలుస్తున్నదన్నది బాయి. "పేరు పెట్టి పిలుస్తున్నదా?" "మీ పేర్లు రాసి పంపుతనమ్మా, పేరు పెట్టే పిలుస్తరు." ఇగ మా అత్త మెడ కొంచెం కదిలింది. నేను లోపల్లోపల మాహూర్ రేణుకమ్మకు మొక్కిన.

పది దినాలకో ఏమో సంఘం కార్యదర్శి జోషి డాక్టరు అచ్చిండు. ముసలాయన, మెల్లగ మాట్లాడుతడు, మరాఠీల మాట్లాడి నడుమ నడుమ తెలుగు ఏస్తడు. మా అత్త ఆయనకు మజ్జిగిచ్చి సూటిగ అడిగింది. "సాబ్, మీ సంఘం ఏమిస్తది? ఎరువిస్తదా, విత్తనమిస్తదా? సంఘం అన్నంక ఏదో ఒకటి ఇయ్యాలె గద."

ఆయన నవ్వి, ఒక్కొక్కటే చెప్పుకచ్చిండు. కర్రలు లేనోళ్లకు సంఘం పాత కర్రలిస్తది. కొత్త మైదానం ఏస్తె అచ్చి కొలిచి పోతది. ఆటల కొట్లాటైతె సంఘం తీర్పు చెప్తది. ఏడాదికోసారి పోటీ పెడతది. "ఇవన్నిటికంటె పెద్ద పని ఇంకోటున్నది బాయీ. ఆట బాగ అచ్చినోళ్లు, రానోళ్లు ఒక్క కాడ ఆడాలంటె ఎట్ల? రానోళ్లకు కొన్ని దెబ్బలు మాఫీ చేస్తం. దాన్ని హ్యాండిక్యాప్ అంటరు."

మాఫీ అన్న మాటకు మా అత్త చెవులు నిక్కినయి. "ఎవలికెంత మాఫీ అని ఎవలు రాస్తరు?"

"నేనే అచ్చి, మీ ఆట చూసి రాస్త."

"ఆట ఎంత ఖరాబుంటె అంత ఎక్కువ మాఫీనా?"

"ఒక విధంగ గంతే."

"అయితె ఆణేవారి అనుండ్రి!" అన్నది మా అత్త. ఆమె మొఖం దీపం పెట్టినట్టైంది.

తెల్వనోళ్లకు చెప్తున్న. మా దిక్కు కరువు అచ్చినప్పుడు ఊరి లెక్కలు రాసే తలాఠీ చేన్లకు అచ్చి, పంట ఎన్ని ఆణాలు పండిందని చూసి రాసుకుంటడు. గదే ఆణేవారి. తక్కువ ఆణాలు పడితె శిస్తు మాఫీ. అందుకని తలాఠీ అస్తున్నడంటె ఊరంత ఒక్కటైతది. మంచి పంట ఉన్న దిక్కు తొవ్వ బురదున్నదని చెప్పి, ఎండిన మడి దిక్కు తోల్కపోతరు. గట్టిగున్న ఎడ్లను వాగు అవతల కట్టేస్తరు. మా అత్తకైతె తలాఠీ కోసమని ఒక చీరనే ఉండె. మూడు కాడ అతుకులు, రంగు ఏందో దేవునికెరుక. మిగతా దినాలల్ల అది దండెం మీద కూడ కనబడకపోయేది.

డాక్టరు సాబ్ ఆట చూడనీకె అచ్చే దినం పొద్దుగాల విసుర్రాయి కాడ మా అత్త నాకు చెప్పింది: "చూడు పిల్లా, ఇయ్యాల తలాఠీ అస్తున్నడనే అనుకో. మంచిగ కొట్టకు." నేను, "అత్తా, ఇది పంట కాదు గద" అన్న. "రాసుకునేటోడు ఎవడైన తలాఠీనే" అన్నది. తర్వాత పెట్టెల నుంచి గా చీర తీసి కట్టింది. నాకు గూడ ఒక చింకిది ఇచ్చింది.

ఇగ గా ఆట చూడాలె మీరు! కులకర్ణి బాయి గొడుగేసుకొని కుర్చీల కూసున్నది. డాక్టరు సాబ్ పెన్సిల్ పట్టుకొని నిలవడ్డడు. మా అత్త సంఘం కర్ర లేపింది, నడుం పట్టుకొని "అయ్యో" అన్నది, భూమిని కొట్టింది. దుమ్ము లేసి డాక్టరు అద్దాలను కమ్మింది. బాల్ ఉన్న కాడనే ఉన్నది. "ఏం చేస్తం సాబ్" అని నిట్టూర్చింది, "చేతులల్ల బలం లేదు. ఈ ఏడు వానలు గూడ లేవు."

"వానకు దీనికి ఏం సంబంధం బాయీ?"

"వాన లేంది బలం ఎక్కడిది సాబ్?"

నా వంతు అచ్చింది. చేతికి చెప్తె వినది కదా, కొట్టంగనే బాల్ గాలిల లేసి సక్కగ పోయింది. డాక్టరు సాబ్ "వాహ్" అన్నడో లేదో ఎనుక నుంచి మా అత్త దగ్గింది. గా దగ్గు నాకు తెలుసు. తర్వాత నేను కొట్టినయన్ని కప్పల లెక్క దుంకినయి. కులకర్ణి బాయి, రోజు మమ్ముల చూసే మనిషి, నోరు తెరిచి మా దిక్కే చూస్తున్నది. మా అత్త ఆమెకు కన్ను గీటింది. గా కన్ను నా పెండ్లైనంక ఎవలికి గీటంగ నేను చూడలే. నాకు నవ్వు పొంగుకస్తుంటె కొంగు నోట్ల కుక్కుకున్న. డాక్టరు సాబ్ నేను ఏడుస్తున్ననుకొని, "ఫికర్ చెయ్యకు బేటా" అన్నడు.

ఆఖరి గుంత అయినంక ఆయన రాసింది చూసుకొని అద్దాలు తుడుసుకున్నడు. చాన బాధతోని చెప్పిండు. "బాయీ, మీ మనసు పెద్దది. గని సంఘం మాఫీకి ఒక హద్దుంటది. ముప్పయ్యారు. దానికి మించినోళ్లను పోటీకి రానియ్యరు. మీరిద్దరు దానికి చాన అవతలున్నరు. ఈ ఏడు నాందేడ్ వద్దు. నేర్చుకోండ్రి, వచ్చే ఏడు చూద్దాం."

మా అత్తకు అర్థం కాలే. "ఎక్కువ మాఫీ ఇస్తరు గద?" అన్నది. "మాఫీ కాదు బాయీ, రానేరానియ్యరు" అన్నడు ఆయన. కులకర్ణి బాయి ఏదో అనబోయి మా అత్త దిక్కు చూసి ఆగింది. ఆయన భోజనానికి వాళ్లింటికి పోయిండు. మేము కర్రలు మోసుకొని ఇంటికి అచ్చినం. నవ్వంత ఎటో పోయింది.

నేను పిండి కలుపుతున్న. కండ్లల్ల నీళ్లు ఆగుతలేవు, చేతులు పిండిల ఉండె, తుడుసుకోనీకె లేదు. మా అత్త పొయ్యి కాడికెల్లి అన్నది, "పిండి పలచగైతున్నది, ఏడ్చుడు ఆపు." నేను ఆపలే. "ఏమే పిల్లా, ఏమైంది?" అన్నది. రెండేండ్ల సంది పండ్ల నడుమ పట్టుకున్న మాట అప్పుడు బయటవడ్డది. "నాందేడ్ పోతె మా అవ్వను దూరం నుంచన్న చూస్తననుకున్న అత్తా."

ఆమె పొయ్యిల కట్టెలు గుంజి నీళ్లు చల్లింది. తలాఠీ చీర ఇప్పి ఉతికిన చీర కట్టుకొని కాసె బిగించింది. గోడకానించిన కర్ర తీసుకొని బయటికి నడిచింది. నేను పిండి చేతులతోనే ఎనుక ఉరికిన.

డాక్టరు సాబ్ వరండల రొట్టె తుంచుతున్నడు. మా అత్త మెట్ల కింద నిలవడి అన్నది, "సాబ్, పొద్దుగాల మీరు చూసింది తలాఠీకి చూపెట్టే ఆట. ఇప్పుడు చూపెట్టేది మేము ఇంట్ల తినే ఆట." అని ఒక్క బాల్ కింద పెట్టి కొట్టింది. అది జీపు మీదికెల్లి, బట్టల దండెం మీదికెల్లి పోయి రేకుల ఆఫీసు మీద ధన్‌మని పడ్డది. కులకర్ణి బాయి లేచి నిలవడి, "అయ్యో, అక్కడ మా ఆయన పండుకున్నడు!" అన్నది. లోపలికెల్లి ఇంజినీరు సాబ్ "కోణ్ ఆహే రే!" ఎవడురా అని కేక ఏసుకుంట ఒక్క చెప్పుతోని బయటికి ఉరికచ్చిండు.

అందరు నవ్వుతరనుకున్న. డాక్టరు సాబ్ నవ్వలే. రొట్టె పళ్లెంల పెట్టి చేతులు కడుక్కున్నడు. "బాయీ, మా సంఘంల ఇంతకన్న పెద్ద తప్పు లేదు. మేము కావలి పెట్టం. ఎవలి దెబ్బలు వాళ్లే చెప్పాలె. ఆట అచ్చి రానట్టు చూపెట్టినోళ్ల పేరు కొట్టేస్తం."

 మా అత్త అన్నది, "సాబ్, శిస్తు గుంజేటోడు అడిగితె తక్కువ చెప్తం. మనిషిని నమ్మి అడిగేటోడు మాకు ఇప్పటిదాక రాలే. మీరు గట్లాంటోళ్లని మాకెట్ల తెల్వాలె? ముందుగాల చెప్పొద్దా?"

ఆయన ఆమె దిక్కు చూసిండు. అప్పుడు మెల్లగ భుజాలు కదిలినయి. లోపలికెల్లి మొదలైన నవ్వు, కడుపు పట్టుకొని కూసునెదాక ఆగలే. "మా అమ్మ" అన్నడు కండ్లు తుడుసుకుంట, "మా అమ్మ తలాఠీ అస్తున్నడంటె పాలిచ్చే బర్రెకు బూడిద రాసేది, రోగమున్నదని!" ఇగ మా అత్త గూడ నవ్వింది. ఆమె పండ్లు అన్ని నేను గప్పుడే చూసిన. "లేవుండ్రి" అన్నడు ఆయన, "మళ్ల మొదటి నుంచి ఆడుండ్రి. ఈసారి మీ దెబ్బలు మీరే చెప్పాలె, నేను రాసుకుంట."

మొదటిసారి అబద్ధంతోని కష్టమైతె, రెండోసారి నిజంతోని కష్టమైంది. మా అత్త ఏదీ ఇడిసిపెడుతలేదు. ఈగ అస్తె కర్రతోని అదిలించింది, "అది గూడ రాయుండ్రి సాబ్" అన్నది. "బాయీ, అది ఈగను కొట్టింది, బాల్‌ను కాదు." "కర్ర ఊపిన్నా లేదా?" గులకరాయి తగిలితె ఒకటి రాయుమన్నది, ఆలోచన చేసుకుంట కర్ర ఆనించినందుకు ఇంకోటి రాయుమన్నది. చుట్టూ ఊరు పోగైంది. డాక్టరు సాబ్ తగ్గిస్తనంటడు, ఈమె వద్దంటది. గొడ్ల సంతల బేరం లెక్కనే, గని ఉల్టా. ఆఖరికి ఆమెకు హద్దు మీద ముప్పయ్యారు నిలిచింది, నాకు ముప్పై అచ్చింది. కులకర్ణి బాయి కడుపు పట్టుకొని, "ఇంకోసారి నవ్విస్తె ఇక్కడనే కంట" అన్నది.

ఇప్పటి పిల్లలకు ఇది చెప్తె, కెమెరాలు పెట్టుకోవద్దా నానమ్మా అంటరు. నిజమే, ఇప్పుడు ఎవలిని ఎవలూ అడుగరు, డబ్బలు చూసి చెప్తయి. గని ఆనాడే మంచిగుండె అని నేను అనను. ఒక్క పిలుపు కోసం రెండేండ్లు తల్లిని చూడకుండ ఉండుడు మంచెట్లైతది? నా కోడలు పొద్దుగాల ఫోన్ చేసి మధ్యాహ్నం బస్సుకు తల్లిగారింటికి పోతది. నేను లైట్లు బంద్ చేసి పొమ్మంట, గంతే. ఆమె పోయిన ప్రతిసారి నాకు సంబురమే, బయటికి చెప్పను.

నాందేడ్ పోయే దినం కర్రలన్ని గొంగట్ల చుట్టినం. బస్సు కండక్టరు, "మాయీ, ఏం పనిముట్లు ఇవి?" అని అడిగితె మా అత్త, "సంఘానివి. కాళ్లు తగలనియ్యకు" అన్నది. గా మాటకు ఆయన మాకు ముందు సీటు ఇచ్చిండు. దినమంత సరిపోయే రొట్టెలు మూటల ఉన్నయి. తొవ్వల మా అత్త ఒక్కటే చెప్పింది: "ఆట అయినంక సీదా బస్సు. ఎవలూ పిలవలే, మనం పోం." నేను తలకాయ ఊపిన. గని నేను బతిమాలితె, కులకర్ణి బాయి ముందు వారం దవాఖానల చూపించుకోనీకె నాందేడ్ పోయినప్పుడు మా అవ్వకు కబురు చేసిందని నాకు తెలుసు.

మైదానం కాడ పౌడర్ వాసన, ఇస్త్రీ చీరలు, ఒకామె ప్యాంటు ఏసుకున్నది. మా కాసె చీరలు చూసి కొందరు గుసగుసలాడిండ్రు. మా అత్త మొదటి బాల్ కొట్టినంక గుసగుసలు ఆగినయి. నాలుగు గుంతలు దాటినంక యాపచెట్టు కింద మా అవ్వను చూసిన. పచ్చ చీర, కొంచెం బక్కగైంది. కాళ్లు చాపుకొని ఒడిల పల్లికాయ పోసుకొని ఒలుస్తున్నది, పనేం లేనట్టు.  ఆట నడుమ ఎటూ పోవొద్దని డాక్టరు సాబ్ ముందే చెప్పిండు. నేను నిలవడ్డ కాడనే నిలవడ్డ. మా అత్త గూడ చూసింది. చూసి, మబ్బులున్నయా అన్నట్టు పైకి చూసింది. తర్వాత గట్టిగ, చాన గట్టిగ, బాల్ కొట్టింది.

బాల్ వంకర పోయి యాపచెట్టుకు తగిలి, కింద మా అవ్వ ఒడిల పల్లికాయల నడుమ పడ్డది.

ఇస్త్రీ చీరలోళ్లందరు "అరె బాపరే" అన్నరు. డాక్టరు సాబ్ నియమాల పుస్తకం పట్టుకొని ఉరికచ్చిండు. మా అవ్వ రెండు చేతులతోని ఒడి మూసుకున్నది. "బాల్ ఇయ్యుండ్రి బాయీ" అంటె, "ఒడిల పడ్డది తిరిగియ్యరు" అన్నది. "అది సంఘం బాల్." "ఒడి నాది." ఆయన పుస్తకం తిప్పిండు. చూసేటోళ్ల మీద పడి ఆగితె శిక్ష లేదట, ఆ మనిషి ఉన్న కాడనే కింద ఏసుకొని కొట్టాలెనట, బాల్ దొరకకపోతె ఇంకోటి తీసుకోవచ్చట. జేబులకెల్లి కొత్త బాల్ తీసి మా అత్త చేతుల పెట్టిండు. మా అత్త ఇగ ఎవలితోని మాట్లాడకుండ ఆడుకుంట పోవచ్చు. కొత్త బాల్‌ను చేతుల తిప్పుకుంట నిలవడ్డది.

"సాబ్" అన్నది, మా అవ్వ దిక్కు చూడకుండ, "గామెను అడుగుండ్రి, పుణ్యానికి పట్టుకున్నదా బాల్, ఏమన్న కావాల్నా?"

"సాబ్" అన్నది మా అవ్వ, ఆమె గూడ డాక్టరు దిక్కే చూసుకుంట, "బాల్ కావాలంటె ఇంటికి రావాలె అని చెప్పుండ్రి."

"పిలువంది ఎట్లస్తరని అడుగుండ్రి."

డాక్టరు సాబ్ నడుమ నిలవడి అటొకసారి ఇటొకసారి చూసిండు. పుస్తకంల దీనికి నియమం లేదు. మా అవ్వ నా దిక్కు చూసింది, రెండేండ్ల చూపు ఒక్కసారి చూసింది. అప్పుడు మెడ తిప్పి, డాక్టరును ఇడిసిపెట్టి, సీదా మా అత్త మొఖంలకు చూసింది.

"రాజవ్వ వదినె, ఇంటికి రా. బువ్వ తిందువు. నేను పిలుస్తున్న."

 మా అత్త డాక్టరు దిక్కు తిరిగింది. "సాబ్, మీరు విన్నరా?" "విన్న బాయీ." "మీరందరు విన్నరా?" అని ఇస్త్రీ చీరలోళ్లను అడిగింది. అందరు విన్నమన్నరు. తెలుగు రానోళ్లు గూడ విన్నమన్నరు. "అయితె తినే పోత వదినె" అన్నది. "పిల్ల ఇక్కడనే ఉంటది. జొన్న కోతలకు అచ్చి నేనే తోల్కపోత." అని నా దిక్కు తిరిగి, "ఏం చూస్తున్నవ్ పిల్లా? నీ వంతు. కొట్టు" అన్నది.

నేను కర్ర లేపిన. కండ్లకు ఏం కనబడుతలేదు, కడుపుల నవ్వు, గొంతుల ఏడుపు. కొట్టిన. బాల్ లేసిన చప్పుడైతె విన్న. ఎంత ఎత్తుకు లేసిందో, ఎటు పోయిందో చూడలే. కర్ర కింద ఏసి యాపచెట్టు దిక్కు ఉరికిన. మా అవ్వ చేతులు చాపుకొని లేచి నిలవడ్డది. ఒడిలున్న పల్లికాయ, బాల్, అన్ని నేల మీద పోయినయి.